నిమ్మ కార్డియల్, గిమ్లెట్: పుల్లని మిశ్రమ పానీయాల కూర్పు

విషయక్రమం

9.0 ఉద్దేశాలు
9.1 పరిచయం
9.2 పంచ్ నుంచి గిమ్లెట్ వరకు
9.3 పానీయంలోని నాలుగు అంశాలు
9.4 నిమ్మకు బదులు చీనీ సరిపోతుందా?
9.5 నిమ్మ కార్డియల్ తయారీ
9.6 గిమ్లెట్ తయారీ
9.7 జిన్ లేని రూపం
9.8 మద్యం లెక్క, చట్టం, బాధ్యత
9.9 సారాంశం
9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు
9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు
9.12 పదకోశం

9.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు ఈ క్రింది పనులు చేయగలుగుతారు.

• పుల్లని మిశ్రమ పానీయంలోని అంశాలను గుర్తించి, ఒక్కొక్కదాని పనిని వివరించడం.
• నిమ్మ, చీనీ రసాల మధ్య తేడాను పులుపు, తీపి, చేదుల పరంగా చెప్పడం.
• ఇంట్లో ఉండే పాత్రలతో నిమ్మ కార్డియల్ తయారు చేసి, సరిగా నిల్వ ఉంచడం.
• ఒక గ్లాసు గిమ్లెట్‌లో ఎన్ని గ్రాముల మద్యం ఉందో లెక్కకట్టడం.
• మద్యం వడ్డించేటప్పుడు పాటించవలసిన చట్టపరమైన, ఆరోగ్యపరమైన జాగ్రత్తలను పేర్కొనడం.

9.1 పరిచయం

హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి (44) పెనుకొండ ప్రాంతం మీదుగానే సాగుతుంది. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించిన తరువాత ఆ ప్రాంతంలో కొరియా వంటకాలు వడ్డించే హోటళ్లు సైతం వచ్చాయి. ఆతిథ్య రంగంలో ఉద్యోగం కోరే విద్యార్థికి వంటగది పనితోపాటు పానీయాల పని కూడా తెలిసి ఉండాలి.

ఆ పనిలో తొలి పాఠం కొలత. ఇంట్లో నిమ్మకాయ షర్బత్ కలిపేటప్పుడు మనం చేతి అందాజు మీద ఆధారపడతాం. తీపి తక్కువైతే ఇంకో చెంచా చక్కెర వేస్తాం. హోటల్లో అలా కుదరదు. నిన్న తాగిన రుచినే అతిథి ఈ రోజూ కోరతాడు. పైగా పానీయంలో మద్యం ఉన్నప్పుడు అందాజు పొరపాటు రుచితో ఆగదు. అది తాగినవారి ఆరోగ్యం మీదికి, వారు నడిపే బండి మీదికి వస్తుంది. అందుకే ఈ పాఠంలో గిమ్లెట్ అనే ఒక్క పానీయాన్ని తీసుకొని, దానిలోని ప్రతి అంశాన్నీ కొలిచి చూస్తాం.

గమనిక: ఈ పాఠం అర్థం చేసుకోవడానికి మద్యం తాగవలసిన అవసరం లేదు. 9.7లో ఇచ్చిన జిన్ లేని రూపంతో కూర్పు సూత్రాలన్నీ నేర్చుకోవచ్చు.

9.2 పంచ్ నుంచి గిమ్లెట్ వరకు

నిమ్మరసం, చక్కెర, మద్యం కలిపే పద్ధతిని పాశ్చాత్యుల అలవాటుగా భావిస్తాం. అయితే దీని చరిత్రలో తెలుగు తీరానికీ చోటుంది. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో నేటి బాపట్ల జిల్లాలోని నిజాంపట్నంలోనూ, మచిలీపట్నంలోనూ వర్తకం మొదలుపెట్టింది. నిజాంపట్నాన్ని వారు ‘పెటపోలి’ అని రాసేవారు. 1632 సెప్టెంబరులో రాబర్ట్ ఆడమ్స్ అనే ఆంగ్లేయుడు పెటపోలిలోని థామస్ కాలీ అనే వర్తకుడికి ఒక ఉత్తరం రాశాడు. ‘పంచ్’ అనే పానీయం పేరు ఇంగ్లీషులో కనిపించే తొలి ఆధారాల్లో అది ఒకటి.

సారా, నిమ్మరసం, చక్కెర, నీరు, సుగంధ ద్రవ్యం అనే ఐదు వస్తువులు కలపడం వల్ల ‘పంచ’ అనే మాట నుంచి ఈ పేరు వచ్చిందని ఎక్కువగా చెబుతారు. పేరు ఎలా వచ్చినా ఈ ఐదింటి కూర్పు నేటికీ మారలేదు. సారా స్థానంలో జిన్, జాజికాయ స్థానంలో నిమ్మ తొక్కలోని నూనె వచ్చాయి.

రెండో మలుపు సముద్ర ప్రయాణాల్లో వచ్చింది. నెలల తరబడి తాజా కూరలు, పండ్లు లేని నావికులకు చిగుళ్ల నుంచి రక్తం కారే స్కర్వీ వ్యాధి సోకేది. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకా వైద్యుడు 12 మంది రోగులను జంటలుగా విడదీసి, ఒక్కొక్క జంటకు ఒక్కొక్క మందు ఇచ్చాడు. నారింజలు, నిమ్మపండ్లు తిన్న జంట త్వరగా కోలుకుంది. 1795లో బ్రిటిష్ నౌకాదళం నావికులకు నిమ్మరసం ఇవ్వడానికి నిర్ణయించింది.

రసం చెడిపోకుండా ఉంచడం ఎలా అన్నది తరువాతి సమస్య. అంతవరకు రమ్ వంటి మద్యం కలిపి నిల్వ చేసేవారు. 1867లో స్కాట్లండ్‌కు చెందిన లాక్లన్ రోజ్ మద్యం లేకుండా నిమ్మరసం నిల్వ చేసే పద్ధతికి పేటెంట్ పొందాడు. అదే ఏడాది బ్రిటన్ వర్తక నౌకల చట్టం ఓడల్లో నిమ్మరసం ఇవ్వడాన్ని తప్పనిసరి చేసింది. చక్కెర కలిపిన ఈ నిల్వ రసమే కార్డియల్. జిన్‌తో కలిసినప్పుడు అది గిమ్లెట్ అయింది. 1930లో లండన్‌లో వెలువడిన సావోయ్ కాక్‌టెయిల్ పుస్తకం జిన్, కార్డియల్ సమపాళ్లలో కలపమంది. నేటి నాలుకకు ఆ కూర్పు మరీ తీపి. అందుకే ఈ పాఠంలో కార్డియల్ భాగాన్ని సగానికన్నా తగ్గించాం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) పంచ్‌లో ఉండే ఐదు వస్తువులు ఏవి?
(ఆ) 1867కు ముందు ఓడల్లో నిమ్మరసాన్ని ఎలా నిల్వ చేసేవారు?

9.3 పానీయంలోని నాలుగు అంశాలు

1. జిన్: ధాన్యం లేదా మొలాసిస్ నుంచి బట్టీ పట్టిన రుచిలేని స్పిరిట్‌కు జునిపర్ కాయల పరిమళం పట్టిస్తే జిన్ అవుతుంది. జునిపర్ కాయలను మన వైద్య గ్రంథాలు ‘హపుష’ అంటాయి. జిన్ పరిమళంలో జునిపర్ తరువాత ముఖ్యమైనవి ధనియాలు. నారింజ, నిమ్మ జాతి తొక్కలను కూడా వాడతారు. జిన్, నిమ్మ ఒకదానికొకటి అతకడానికి కారణం ఇదే. మన దేశంలో తయారయ్యే జిన్ సీసాలపై సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది. అంటే 100 మి.లీ. జిన్‌లో 42.8 మి.లీ. శుద్ధ మద్యం ఉందని అర్థం.

2. పులుపు: నిమ్మరసంలో దాదాపు 6 శాతం సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. మద్యపు ఘాటును, చక్కెర బరువును ఇదే అదుపులో పెడుతుంది. తయారైన పానీయంలో పులుపు 0.7 నుంచి 1 శాతం మధ్య ఉంటే నాలుకకు హాయిగా తోస్తుంది.

3. తీపి: తెల్ల చక్కెరకు సొంత వాసన లేదు కాబట్టి నిమ్మ పరిమళాన్ని కప్పివేయదు. హిందూపురం మార్కెట్‌లో దొరికే బెల్లం వాడవచ్చా అని విద్యార్థులు అడుగుతుంటారు. బెల్లానికి సొంత రంగు, రుచి, కొద్దిపాటి ఉప్పదనం ఉన్నాయి. సుగంధ ద్రవ్యాలు దండిగా పడే పంచ్‌కు, పానకానికి అది మేలు. గిమ్లెట్‌లో మాత్రం అది జిన్ పరిమళాన్ని మింగేస్తుంది.

4. నీరు: చాలామంది మరిచిపోయే అంశం ఇది. మంచుముక్కలు చల్లబరచడంతోపాటు కరిగి నీరవుతాయి. బాగా కుదిపిన పానీయంలో దాదాపు నాలుగో వంతు ఇలా కరిగిన నీరే. ఆ నీరు చేరకపోతే పానీయం గొంతులో మండుతుంది. ఎక్కువైతే చప్పబడుతుంది. సంతల్లో, చేపల బండ్ల దగ్గర వాడే మంచుగడ్డలు తినడానికి పనికిరావు. కాచి చల్లార్చిన నీటితో లేదా శుద్ధి చేసిన నీటితో ఇంట్లోనే మంచు గడ్డకట్టించాలి. ముక్కలు పెద్దవిగా ఉంటే నెమ్మదిగా కరుగుతాయి.

9.4 నిమ్మకు బదులు చీనీ సరిపోతుందా?

కోస్తా, తెలంగాణ ప్రాంతాల్లో బత్తాయి అనే పండును రాయలసీమలో చీనీ అంటాం. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలు చీనీ తోటలకు పేరుపొందాయి. ధర్మవరం పరిసరాల్లో ఉండే విద్యార్థికి నిమ్మకన్నా చీనీయే చౌకగా, చేరువలో దొరకవచ్చు. వేసవిలో నిమ్మ ధర పెరిగినప్పుడు ఈ ఆలోచన సహజంగానే వస్తుంది. దీనిని రెండు లెక్కలతో పరిశీలిద్దాం.

మొదటిది పులుపు. చీనీ రసంలో ఆమ్లం సుమారు అర శాతం, తీపి 9–10 శాతం. నిమ్మరసంలో పులుపు దానికి పది రెట్లకు పైగా ఉంటుంది. నిమ్మరసం ఎంత వేయమంటే అంత చీనీ రసం వేస్తే పానీయంలో జిన్ ఘాటు, తీపి మాత్రమే మిగులుతాయి. అందువల్ల పులుపు కోసం చీనీని నిమ్మ స్థానంలో వాడలేం.

రెండోది చేదు. అప్పుడే పిండిన చీనీ రసం తియ్యగా ఉంటుంది. అదే రసం కొన్ని గంటలు నిలవ ఉంటే చేదెక్కుతుంది. పండులోని పొరల్లో, గింజల్లో చేదులేని ఒక పదార్థం ఉంటుంది. రసం పిండినప్పుడు అది పుల్లని రసంతో కలిసి క్రమంగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది. వేడి చేస్తే ఈ మార్పు ఇంకా వేగవంతమవుతుంది. చీనీ రసాన్ని సీసాల్లో నింపి అమ్మడం కష్టం కావడానికి ఇది ఒక ముఖ్య కారణం. పంట ఒక్కసారిగా మార్కెట్‌కు వచ్చి ధర పడిపోయినప్పుడు రైతుకు రసం పరిశ్రమ పూర్తిగా ఆసరా కాలేకపోవడం వెనుక ఈ చేదు కూడా ఉంది.

అయినా చీనీకి ఇక్కడ పనిలేదని కాదు. దాని తొక్కలో మంచి పరిమళ తైలం ఉంది. నిమ్మ తొక్క పలుచన, గీరడం కష్టం. చీనీ తొక్క మందం, గీరడం తేలిక. పులుపును నిమ్మ నుంచి, పరిమళాన్ని కొంత చీనీ తొక్క నుంచి తీసుకోవడం మన ప్రాంతానికి తగిన పద్ధతి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) నిలవ ఉంచిన చీనీ రసం ఎందుకు చేదెక్కుతుంది?
(ఆ) 25 మి.లీ. నిమ్మరసంలో ఎన్ని గ్రాముల ఆమ్లం ఉంటుంది? 25 మి.లీ. చీనీ రసంలో ఎంత?

9.5 నిమ్మ కార్డియల్ తయారీ

కావలసినవి: మధ్యరకం నిమ్మకాయలు 12, చీనీ పండు 1, చక్కెర సుమారు 200 గ్రాములు, స్టీలు లేదా గాజు గిన్నె, పలుచని నూలు బట్ట, మూత బిగుతుగా పట్టే గాజు సీసా.

తయారుచేసే విధానం:

1. పండ్లను గోరువెచ్చని నీటిలో రుద్ది కడిగి తడి తుడవాలి. తొక్కను వాడుతున్నాం కాబట్టి దాని మీది మందు అవశేషాలు, మురికి పోవడం ముఖ్యం.

2. ఆరు నిమ్మకాయల పైతొక్కను, చీనీ పండులో సగభాగం పైతొక్కను తురుముపీటపై మెల్లగా గీరాలి. రంగు ఉన్న పొర మాత్రమే రావాలి. కింది తెల్లపొర చేదు.

3. ఈ తురుమును చక్కెరలో వేసి వేళ్లతో బాగా నలిపి, మూతపెట్టి రెండు మూడు గంటలు ఉంచాలి. చక్కెర తొక్కలోని నూనెను పీల్చుకొని తడిబారుతుంది. పరిమళం నీటికన్నా ముందుగా చక్కెరకు పట్టాలన్నది ఇక్కడి కిటుకు.

4. నిమ్మకాయలు కోసి రసం పిండి, గింజలు తీసి, కొలవాలి. 12 కాయలకు సుమారు 200 మి.లీ. వస్తుంది. రసం ఎన్ని మిల్లీలీటర్లయితే చక్కెర అన్ని గ్రాములు ఉండాలి. రసం ఎక్కువైతే చక్కెర కలిపి సరిచేయాలి. తక్కువైతే ఇంకో కాయ పిండాలి.

5. రసాన్ని చక్కెరలో పోసి కరిగేవరకు కలపాలి. పొయ్యి మీద పెట్టకూడదు. వేడికి పచ్చి నిమ్మ వాసన పోయి ఉడికిన వాసన వస్తుంది, సి విటమిన్ కూడా తగ్గుతుంది.

6. బట్టలో వడగట్టి, వేడినీటితో కడిగి ఆరబెట్టిన సీసాలో నింపాలి. సుమారు 320 మి.లీ. కార్డియల్ వస్తుంది.

అల్యూమినియం, ఇత్తడి, కళాయి లేని రాగి పాత్రలు వాడరాదు. ఆమ్లం లోహాన్ని కరిగించి రుచినీ, ఆరోగ్యాన్నీ చెడగొడుతుంది.

నిల్వ: ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. బుడగలు, బూజు, పులిసిన వాసన కనిపిస్తే పారబోయాలి. నిమ్మ చౌకగా ఉన్నప్పుడు ఎక్కువ కాయలు కొన్నవారు రసాన్ని మంచు ట్రేలో గడ్డకట్టించి ఉంచుకొని, అవసరమైనప్పుడు కార్డియల్ చేసుకోవచ్చు. వ్యాపార తయారీలో పొటాషియం మెటాబైసల్ఫైట్‌ను లీటరుకు సుమారు 0.6 గ్రాములు కలుపుతారు. అంత చిన్న బరువు తూచే త్రాసు లేకుండా ఇంట్లో దీనిని వాడరాదు. ఉబ్బసం ఉన్నవారికి ఇది పడకపోవచ్చు.

9.6 గిమ్లెట్ తయారీ

ఒక గ్లాసుకు కొలతలు:
జిన్ – 60 మి.లీ.
నిమ్మ కార్డియల్ – 25 మి.లీ.
పెద్ద మంచుముక్కలు – 5 లేదా 6

కొలతకు దగ్గు మందుతో వచ్చే చిన్న కొలత మూత ఇంట్లో సరిపోతుంది. దానిపై మి.లీ. గీతలు ఉన్నాయో లేదో చూసుకోవాలి.

వడ్డించే గ్లాసును ముందుగా ఫ్రిజ్‌లో చల్లబరచాలి. మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బాలో జిన్, కార్డియల్, మంచుముక్కలు వేసి, మూతపై అరచేయి ఉంచి 12 నుంచి 15 సెకన్లు గట్టిగా కుదపాలి. డబ్బా బయట నీటి పొర పట్టి చేతికి జిల్లుమంటే చాలు. టీ వడగట్టే జాలితో గ్లాసులోకి వంపి, పైన పలుచని నిమ్మ చక్రం వేయాలి.

ఇప్పుడు గ్లాసులోని పానీయాన్ని లెక్కవేద్దాం. కార్డియల్‌లో ఆమ్లం సుమారు 3.7 శాతం. 25 మి.లీ.లో 0.9 గ్రాములు. కరిగిన మంచు సుమారు 30 మి.లీ. కలిసి మొత్తం 115 మి.లీ. అవుతుంది. అంటే పులుపు సుమారు 0.8 శాతం. 9.3లో చెప్పుకొన్న హద్దులోనే ఉంది.

లోపాలు, సవరణలు:
• తీపి ఎక్కువనిపిస్తే: ఒక చెంచా (5 మి.లీ.) తాజా నిమ్మరసం చేర్చండి. జిన్ పెంచి తీపిని తగ్గించే ప్రయత్నం చేయకండి.
• చప్పగా ఉంటే: మంచు చిన్న ముక్కలుగానైనా ఉండాలి, అప్పటికే కరగడం మొదలైందైనా కావాలి.
• ఘాటుగా మండితే: కుదిపిన సమయం తక్కువ. మరో ఐదు సెకన్లు కుదపండి.
• చేదుగా ఉంటే: తెల్లపొర గీరారు లేదా గింజలు నలిగాయి. దీనికి గ్లాసులో సవరణ లేదు. తరువాతి సారి జాగ్రత్తపడాలి.

9.7 జిన్ లేని రూపం

జిన్ పరిమళంలో సగం మన పోపుల పెట్టెలోనే ఉంది. రెండు చెంచాల ధనియాలను దోరగా వేయించి, కచ్చాపచ్చాగా దంచి, రెండు ఏలకులు చేర్చి, 200 మి.లీ. మరిగిన నీటిలో పది నిమిషాలు నానబెట్టి వడగట్టి చల్లార్చాలి. ఈ ధనియాల నీరు 60 మి.లీ., కార్డియల్ 25 మి.లీ. మంచుతో కుదిపి, పైన 60 మి.లీ. సోడా పోయాలి. సోడా వల్ల పులుపు పలచబడుతుంది కాబట్టి ఒక చెంచా తాజా నిమ్మరసం చేర్చవచ్చు. పెళ్లి విందుల్లో, పిల్లలూ పెద్దలూ కలిసే వేడుకల్లో దీనిని అందరికీ ఒకే గ్లాసుల్లో వడ్డిస్తే మద్యం తాగనివారు వేరుపడినట్లు ఉండదు.

9.8 మద్యం లెక్క, చట్టం, బాధ్యత

60 మి.లీ. జిన్‌లో 42.8 శాతం చొప్పున 25.7 మి.లీ. శుద్ధ మద్యం ఉంటుంది. మద్యం సాంద్రత 0.789 కాబట్టి బరువు 25.7 × 0.789 = సుమారు 20 గ్రాములు. 5 శాతం ఉన్న 650 మి.లీ. బీరు సీసాలో సుమారు 25 గ్రాములు ఉంటుంది. అంటే అరచేతిలో ఇమిడే ఈ చిన్న గ్లాసు దాదాపు ఒక బీరు సీసాకు దగ్గరగా ఉంది. తీపి, పులుపు, చల్లదనం కలిసి ఘాటును దాచిపెట్టడం వల్ల తాగేవారికి ఈ సంగతి తెలియదు. వడ్డించేవారికి తెలిసి ఉండాలి.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉండి బండి నడిపితే నేరం. సుమారు 60 కిలోల బరువున్న పురుషుడిలో 20 గ్రాముల మద్యం ఈ స్థాయిని 40–50 మిల్లీగ్రాముల వరకు తీసుకుపోగలదు. అదే బరువున్న స్త్రీలో ఇంకా ఎక్కువ. ఒక్క గిమ్లెట్‌తోనే హద్దు దాటవచ్చు. ‘ఒక్కటే కదా, ధర్మవరం దాకా మెల్లగా పోతాను’ అనే మాటకు ఈ లెక్కే జవాబు.

మరికొన్ని నియమాలు:
• ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మడం, వడ్డించడం చట్టవిరుద్ధం.
• హిందూపురం ప్రాంతం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉంది. పక్క రాష్ట్రం నుంచి మద్యం తేవడం ఎక్సైజ్ నిబంధనలకు లోబడి ఉంటుంది. ధర తక్కువని అనుమతి లేకుండా తెస్తే కేసు ఎదుర్కోవలసి రావచ్చు.
• ఇంట్లో కార్డియల్ చేయవచ్చు. మద్యం బట్టీ పట్టడం నేరం.
• చీటీ, సీలు లేని మద్యం ఏ పానీయంలోనూ కలపరాదు. దానిలో మిథనాల్ ఉంటే చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. తాగిన తరువాత చూపు మసకబారితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.
• గర్భిణులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, నిద్రమాత్రలు వాడేవారు మద్యం పూర్తిగా మానాలి. ఆరోగ్యానికి హాని లేని మద్యం మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది.

ఈ పాఠం చదివేవారు తెలుగు నేల అనుభవాన్నీ మరువకూడదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మహిళలు సారాకు వ్యతిరేకంగా ఉద్యమించారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించారు. ఇంటి ఆదాయం, ఇంటి ప్రశాంతత మద్యానికి పోవడం చూసినవారి పోరాటం అది. మద్యం వడ్డించడాన్ని వృత్తిగా ఎంచుకొనే విద్యార్థి ‘ఇక చాలు’ అని చెప్పగలగడం కూడా ఆ వృత్తిలో భాగమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 3
(అ) 30 మి.లీ. జిన్‌తో చేసిన గిమ్లెట్‌లో ఎన్ని గ్రాముల మద్యం ఉంటుంది?
(ఆ) సీలు లేని మద్యం ఎందుకు ప్రమాదకరం?

9.9 సారాంశం

పుల్లని మిశ్రమ పానీయం మద్యం, పులుపు, తీపి, నీరు అనే నాలుగు అంశాల కూర్పు. సుగంధాన్ని ఐదోదిగా లెక్కిస్తే అది పంచ్ సంప్రదాయమే. నిమ్మ పులుపును ఇస్తుంది. చీనీ రసం పులుపు చాలక, నిలవలో చేదెక్కి నిమ్మకు బదులు కాలేదు. కానీ దాని తొక్క పరిమళానికి ఉపయోగపడుతుంది. రసం ఎన్ని మిల్లీలీటర్లో చక్కెర అన్ని గ్రాములు అన్న కొలతతో కార్డియల్ చేయవచ్చు. 60 మి.లీ. జిన్‌తో చేసిన ఒక గిమ్లెట్‌లో సుమారు 20 గ్రాముల మద్యం ఉంటుంది. రుచిని నిలకడగా ఉంచే కొలతే తాగినవారి క్షేమాన్నీ కాపాడుతుంది.

9.10 మీ ప్రగతిని పరీక్షించుకోండి – జవాబులు

1. (అ) సారా, నిమ్మరసం, చక్కెర, నీరు, సుగంధ ద్రవ్యం. (ఆ) రమ్ వంటి మద్యం కలిపి.
2. (అ) పండులోని చేదులేని పదార్థం పుల్లని రసంలో క్రమంగా లిమోనిన్‌గా మారడం వల్ల. (ఆ) నిమ్మరసంలో సుమారు 1.5 గ్రాములు, చీనీ రసంలో సుమారు 0.12 గ్రాములు.
3. (అ) సుమారు 10 గ్రాములు. (ఆ) దానిలో మిథనాల్ ఉండే అవకాశం ఉంది. చూపుకు, ప్రాణానికి ముప్పు.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నిమ్మ కార్డియల్ తయారీ విధానాన్ని, ప్రతి దశకు గల కారణంతో వివరించండి.
2. మద్యం వడ్డించేవారి చట్టపరమైన, సామాజిక బాధ్యతలను చర్చించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. మిశ్రమ పానీయంలో మంచు పాత్ర.
2. చీనీ రసం నిల్వలో ఎదురయ్యే సమస్య.
3. జిన్ లేని గిమ్లెట్ కూర్పు.

9.12 పదకోశం

కార్డియల్: పండ్ల రసం, చక్కెర కలిపి వడగట్టిన తేటైన చిక్కటి ద్రవం.
గిమ్లెట్: జిన్, నిమ్మ కార్డియల్ కలిపిన పానీయం. చేతి బరమాకూ ఇంగ్లీషులో ఇదే పేరు.
లిమోనిన్: నిమ్మ జాతి రసాల్లో నిలవ మీద ఏర్పడే చేదు పదార్థం.
స్కర్వీ: సి విటమిన్ లోపం వల్ల వచ్చే వ్యాధి.
మిథనాల్: కల్తీ మద్యంలో కనిపించే విషపదార్థం.